పి.యు.సి. : పోయి మరల వచ్చిన మూడక్షరాలు

2010 వేసవిలో మా ఊరి జిల్లాపరిషత్ ఉన్నత పాఠశాలలో చదివిన అమ్మాయి ఒకతె తన మార్కుల పత్రాలు చూపడానికి మా ఇంటికి వచ్చినది. నూజివీడులోని రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు పూర్తిచేసినది. జనం వాడుకలో అది "ట్రిపుల్ ఐటీ". ఆ సమయానికి మా పెద్దన్నయ్య వసారాలో పడకకుర్చీలో ఉన్నాడు. పత్రం చేతికి తీసుకొని, కళ్ళజోడు సవరించుకొని, పైనున్న అక్షరాలు చదివి, "ఒరేయ్, ఇది నేను తప్పిన పరీక్ష కాదుట్రా? ఇంకా ఉన్నదా ఇది?" అన్నాడు.

ఆ పత్రం మీద పి.యు.సి. అని ఉన్నది. ప్రీ యూనివర్సిటీ కోర్సు. మా అన్నయ్య 1967లో ఇంగ్లీషులోను, రసాయనశాస్త్రంలోను పోగొట్టుకొన్నది ఆ పేరుగల పరీక్షనే. ఆంధ్రదేశంలో 1969 తరువాత మాసిపోయిన ఆ మాట 2008లో మరల ఎట్లు వచ్చినదని ఆ అమ్మాయి అడిగినది. ఆనాడు రెండు ముక్కలు చెప్పి పంపివేశాను గాని, ప్రశ్న నాలో నిలిచిపోయినది. పాఠశాలకూ విశ్వవిద్యాలయానికీ నడుమ కట్టిన ఈ వంతెనను మనవారు ఎన్నిసార్లు పడగొట్టి, ఎన్నిసార్లు కట్టినారో చెప్పుకొనవలసిన కథే.

1857లో మదరాసు విశ్వవిద్యాలయం ఏర్పడినది. పాఠశాల చదువు ముగిసినవారికి మెట్రిక్యులేషన్, దాని తరువాత రెండేళ్ళకు ఎఫ్.ఏ., మరి రెండేళ్ళకు బి.ఏ. ఎఫ్.ఏ. అనగా ఫస్ట్ ఆర్ట్స్. గురజాడ అప్పారావుగారు విజయనగరంలో 1882లో మెట్రిక్యులేషన్, 1884లో ఎఫ్.ఏ., 1886లో బి.ఏ. ఉత్తీర్ణులైనారు. ఆనాటి చదువరి జీవితం ఇట్లు రెండేసి సంవత్సరాల మెట్లు.

ఎఫ్.ఏ.లో నేటి గ్రూపులవంటివి లేవు. గణితం చదవదలచినవాడు కూడ ఇంగ్లీషు, రెండవ భాష, చరిత్ర, శరీరధర్మశాస్త్రం అన్నీ చదవవలసినదే. ఒక దానిలో పోయినచో అన్నిటిలో పోయినట్లే. ఈ నియమానికి చిక్కినవారిలో జగత్ప్రసిద్ధుడు శ్రీనివాస రామానుజన్. 1904లో కుంభకోణం ప్రభుత్వ కళాశాలలో ఉపకారవేతనంతో చేరినాడు. గణితం తప్ప మరొకటి తలకెక్కక ఆ వేతనం పోయినది. 1906లో మదరాసు పచ్చయప్ప కళాశాలలో చేరినాడు. అక్కడ శరీరధర్మశాస్త్రం అతనికి కొరకరాని కొయ్య అయినది. 1906 డిసెంబరులో ఒకసారి, 1907 డిసెంబరులో మరొకసారి ఎఫ్.ఏ. తప్పినాడు. పట్టా లేకనే కేంబ్రిడ్జి చేరినాడన్నది అందరెరిగిన సంగతి. విజయనగరంలో, రాజమహేంద్రవరంలో, బందరులో అదే పరీక్ష రాసి అట్లే తప్పి, లెక్కల పుస్తకం అటకెక్కించి గుమాస్తా పనులకు పోయిన తెలుగు పిల్లలెందరో. వారి పేర్లు చరిత్రకెక్కలేదు, అంతే భేదం.

1904 విశ్వవిద్యాలయాల చట్టం తరువాత మదరాసులో నిబంధనలు మారి, ఎఫ్.ఏ. స్థానంలో ఇంటర్మీడియట్ వచ్చినది. దానిలో ఐచ్ఛిక విషయాలు ఎన్నుకొనే వీలు కలిగినది. గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఒక్క జట్టుగా చదివి ముందుకు పోయే బాట అక్కడ మొదలయినది. మన ఎం.పి.సి.కి మూలం అదే.

తెలుగువాడు మరువరాని సంగతి మరొకటి ఇక్కడనే ఉన్నది. ఆ కొత్త ఏర్పాటులో దేశభాషలో వ్యాసరచన విద్యార్థి చదువులో భాగమయినది. వెంటనే వచ్చిన ప్రశ్న: ఏ తెలుగులో రాయవలెను? 1911 మొదలు 1914 దాకా ఆంధ్రదేశాన్ని అట్టుడికించిన గ్రాంథిక వ్యావహారిక వివాదం నేరుగా ఇందులోనుండి పుట్టినదే. అటు జయంతి రామయ్యపంతులుగారు, ఆంధ్రసాహిత్య పరిషత్తు. ఇటు గిడుగు రామమూర్తిపంతులుగారు, గురజాడ, ఇంగ్లీషు అధికారి జె.ఏ. యేట్స్. గురజాడవారు 1914లో ఇంగ్లీషులో రాసిన సుప్రసిద్ధమైన అసమ్మతి పత్రం ఏ సాహిత్యసభకూ సమర్పించినది కాదు. తెలుగు వ్యాసరచనను గురించి విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో సభ్యుడుగా, ఆ సంఘం నివేదికకు అసమ్మతిగా రాసినది. మేము శిక్షణలో ఈ వివాదాన్ని సాహిత్యచరిత్రగా చదివినాము. పదునారేళ్ళ పిల్లవాడు పరీక్షలో ఏమి రాయవలెనన్న పేచీ అది అని నాకు తెలిసినది చాల ఆలస్యంగా. గురజాడవారు మరుసటి యేడే, 1915లో, కన్నుమూశారు. ఆనాటికి గెలుపు గ్రాంథికానిదే.

నిజాం రాజ్యంలో కథ వేరు. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇంటర్మీడియట్ మొదలు పై చదువులన్నిటినీ ఉర్దూలో చెప్పినది. అందుకొరకు అంతకు ముందే, 1917లో, అనువాదశాల నెలకొల్పి గణిత, భౌతిక, రసాయన గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినారు. భారతీయభాష ఒకటి విజ్ఞానశాస్త్రాన్ని ఆ స్థాయిలో మోయగలదని చేసి చూపినవారు వారే. అయితే తెలంగాణ పల్లెలోని తెలుగు పిల్లవానికి ఇంగ్లీషు ఎంత దూరమో ఆ ఉర్దూ కూడ ఇంచుమించు అంతే దూరం. 1938లో వందేమాతరం పాడినందుకు చదువులనుండి వెలివేయబడిన విద్యార్థులకు నాగపూరు విశ్వవిద్యాలయం తలుపు తీసినది. ఇంటర్మీడియట్ చదువు కొరకు అట్లు నాగపూరు పోయినవారిలో పి.వి. నరసింహారావుగారొకరు. ఆయన ఆపై పుణేలో విజ్ఞానశాస్త్రంలో పట్టా పొందినారు. ఈ పేరు మరల రావలసి ఉన్నది.

ఇంటర్మీడియట్ కళాశాలదా, పాఠశాలదా? ఈ తగవు శతాబ్దం నాటిది. 1917లో నియమితమైన కలకత్తా విశ్వవిద్యాలయ సంఘం, అనగా శాడ్లర్ సంఘం, దానిని విశ్వవిద్యాలయం నుండి వేరుచేయుమన్నది. 1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి సంఘం పన్నెండేళ్ళ చదువు ముగిసిన తరువాతనే విశ్వవిద్యాలయ ప్రవేశం ఉండవలెనన్నది. 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ గారి సంఘం మరొక దారి చూపినది. ఇంటర్మీడియట్ రద్దు, అందులో ఒక యేడు పాఠశాలకు, ఒక యేడు డిగ్రీకి. పాఠశాలలన్నీ ఆ స్థాయికి ఎదిగేవరకు నడుమ ఒక యేడు సన్నాహం. ఆ సన్నాహానికి పెట్టిన పేరే పి.యు.సి.

పి.యు.సి. అంటే తాత్కాలికంగా వేసిన తాటిపట్టె. దానిమీదనే తరం పిల్లలు కాలువ దాటవలసి వచ్చినది.

1950ల ఉత్తరార్ధంలో ఆంధ్రలోనూ ఉస్మానియాలోనూ అది వచ్చినది. పదకొండవ తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లవాడు జూన్ నెలలోనో జూలైలోనో కళాశాలకు వచ్చేవాడు. అంతవరకు 'ఆమ్లం', 'క్షారం' అన్నవాడు ఆ రోజు నుండి ఆసిడ్, ఆల్కలీ అనవలెను. అనుటయే కాదు, ఇంగ్లీషులో వినవలెను, ఇంగ్లీషులో రాయవలెను. సెలవులు పోను చేతికి చిక్కేది ఎనిమిది నెలలు. పూర్వపు ఇంటర్మీడియట్‌లో మొదటి సంవత్సరం భాషకు అలవాటు పడుటకు, రెండవ సంవత్సరం చదువుటకు వీలుండేది. ఒక యేడు కోతకోసినప్పుడు కోతపడినది ఆ అలవాటుపడే యేడే. ఈ ముక్క ఏ నివేదికలోనిదీ కాదు, మా అన్నయ్య మాట.

మా ఇంట అప్పటివరకు కళాశాల మెట్లెక్కినవారు లేరు. అన్నయ్య పదకొండవ తరగతిలో లెక్కలలో తాలూకాకు మొదటివాడు. పట్నంలో గది తీసుకొని, ఇంటినుండి బియ్యం మోసుకొని పోయి, కిరసనాయిలు పొయ్యిమీద వండుకొని చదివినాడు. దసరాకు వచ్చినప్పుడు నాన్నగారు "పాఠాలు ఎట్లున్నవిరా?" అని అడిగితే "బాగానే ఉన్నవండి" అన్నాడట. తరువాత చాల యేళ్ళకు నాతో చెప్పినాడు: రసాయనశాస్త్రం చెప్పే ఆయన మంచివాడే, కాని ఆయన నోటి మాటలలో తనకు తెలిసినవి 'ఆక్సిజన్', 'వాటర్' రెండేనని, తక్కినదంతా వానచినుకుల చప్పుడువలె వినిపించేదని. పరీక్ష తప్పినాడు. మరల కట్టలేదు. సహకార సంఘంలో గుమాస్తాగా చేరి అక్కడనే ఉద్యోగ విరమణ చేసినాడు. గట్టెక్కినవారికి అప్పట్లో ఇంజనీరింగు చదువు ఐదేళ్ళు. కాకినాడలోను, అనంతపురంలోను కళాశాలలుండేవి. వరంగల్లులో 1959లో ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలకు నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. సీటు దొరికినవాడు ఆ ఊరికి దేవుడు.

1964-66 నాటి కొఠారి సంఘం పది, రెండు, మూడు అనే లెక్క చెప్పినది. ఆ పద్ధతికి ముందుగా కదిలిన రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1969-70లో రెండేళ్ళ ఇంటర్మీడియట్ మరల వచ్చినది. తమిళనాడులో పి.యు.సి. 1978 దాకా సాగినది. కర్ణాటకంలో కోర్సు రెండేళ్ళదైనా ఆ పేరు నేటికీ పోలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఎఫ్.ఏ. రోజులలో పదకొండేళ్ళ బడి, రెండేళ్ళ ఎఫ్.ఏ., రెండేళ్ళ బి.ఏ. మొత్తం 15. పి.యు.సి. రోజులలో పదకొండు, ఒకటి, మూడు. మొత్తం 15. కొఠారి లెక్కలో పది, రెండు, మూడు. అదీ 15. సంఘాలు ఎన్ని కూర్చున్నా గుడ్డ పొడవు మారలేదు, కత్తెర ఎక్కడ పెట్టవలెనన్నదే తగవు. అయితే తొడుక్కొనేవానికి కత్తెర ఎక్కడ పడినదన్నదే ముఖ్యం.

ఆ మార్పు జరిగిన సమయంలో, 1968 నుండి 1971 దాకా, రాష్ట్ర విద్యామంత్రి పి.వి. నరసింహారావుగారు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమికి తొలి అధ్యక్షుడూ ఆయనే. ముప్పదియేళ్ళ క్రితం ఇంటర్మీడియట్ చదువు కొరకు సొంత రాజ్యం విడిచి నాగపూరు పోయిన మనిషి, ఇంటర్మీడియట్ చదువును తెలుగులో చెప్పించే పనికి పెద్ద అయినాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. ఆ సంవత్సరమే తెలంగాణ ఉద్యమం రగిలి అక్కడ విద్యార్థులకు చదువు సంవత్సరం పోయినది. కొత్త ఇంటర్మీడియట్ పుట్టినదే అటువంటి నడిమింటి మంటలో. 1971లో ఇంటర్మీడియట్ విద్యామండలి ఏర్పడి, పరీక్షలు విశ్వవిద్యాలయాల చేతినుండి జారినవి.

తెలుగు అకాడమి పుస్తకాలను గురించి వేళాకోళం చేయుట మనవారికి పరిపాటి. 'జడత్వ భ్రామకం' అని చెప్పి నవ్వుతారు. నేనూ నవ్వినవాడనే. 1970ల నడుమ నేను ఎం.పి.సి.లో తెలుగు మాధ్యమంలో చేరినాను. నాన్నగారికి అన్నయ్యతో తీరని కోరిక నాతో తీర్చుకొనవలెనని ఉండేది. గణితం నాకు అబ్బలేదు, అది భాష తప్పు కాదు. రెండేళ్ళు ఈడ్చి, అత్తెసరు మార్కులతో బయటపడి, ప్రాచ్యకళాశాలకు పోయి భాషాప్రవీణ చదివినాను. కాని ఆ రెండేళ్ళలో ఒక్క దినమైనా పాఠం నాకు వానచినుకుల చప్పుడు కాలేదు. అర్థమయి రాలేదు గాని, అర్థం కాక పోలేదు. ఈ రెంటికీ గల భేదం అన్నయ్యకు తెలుసు.

పైగా ఆ పరిభాష కల్పించినవారు ఊరకే సంస్కృతపు మాటలు పేర్చినవారు కారు. శంకువును కోయగా వచ్చే వక్రరేఖలు శాంకవాలు. ఎంత తేటగా ఉన్నది! 'శ్రేఢి' అన్నమాట మన ప్రాచీన గణితగ్రంథాలనుండి ఎత్తినది. బైనామియల్ థియరమ్ ద్విపద సిద్ధాంతం అయినది. ద్విపద అనగానే పాల్కురికి సోమనాథుని బసవపురాణం తలచుకొనే నావంటివానికి తరగతిలో నవ్వు ఆగలేదు, అధ్యాపకులు బయటకు పంపినారు. పెర్ముటేషన్లకు పెట్టినపేరు మరింత చక్కనిది: ప్రస్తారాలు. ఛందశ్శాస్త్రంలో గురులఘువులు ఎన్ని విధాల అమరగలవో వరుసగా పరచి చూపుటను ప్రస్తారం అంటారు. పింగళుడు చెప్పిన మాట ఇంటర్మీడియట్ పిల్లవాని లెక్కల పుస్తకంలోనికి వచ్చి కూర్చున్నది. ఆ సంగతి నాకు ఎం.పి.సి.లో ఎవరూ చెప్పలేదు. భాషాప్రవీణలో షట్ప్రత్యయాలు చదువునప్పుడు తెలిసి, రెండేళ్ళ ఆలస్యంగా లెక్కలు నచ్చినవి.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చు. 1972లో జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, 1980లలో ఇంజనీరింగుకు, వైద్యానికి కలిపి ప్రవేశపరీక్ష, 1990ల చివర పుట్టగొడుగులవలె ఇంజనీరింగు కళాశాలలు. ఇంజనీరింగు చదువు నాలుగేళ్ళకు తగ్గినది. ఇంటర్మీడియట్ అన్నది చదువుగా పోయి ప్రవేశపరీక్షకు శిక్షణ అయినది. అద్దె భవనాలలో తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే ఆ శిక్షణను గురించి రాయవలెనన్న నాకు ఓపిక లేదు. డబ్బు కట్టగలవాడు అక్కడ చేరినాడు, కట్టలేనివాడు ప్రభుత్వ జూనియర్ కళాశాలలో తెలుగు మాధ్యమంలో మిగిలినాడు. అకాడమి పుస్తకం క్రమంగా పేదవాని గుర్తు అయినది. దాని తప్పు అందులో ఏమీ లేదు.

2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వం చట్టం చేసి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో మూడు ప్రాంగణాలతో కొత్త విశ్వవిద్యాలయం పెట్టినది. పదవ తరగతి కాగానే పిల్లలను తీసుకొని ఆరేళ్ళు తనవద్దనే ఉంచుకొనుట దాని పద్ధతి. మొదటి రెండేళ్ళు పి.యు.సి., తరువాతి నాలుగేళ్ళు బి.టెక్. మొదట్లో ప్రవేశపరీక్ష లేదు, పదవ తరగతి మార్కులే కొలమానం. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు, వారి వెనుకబాటును గుర్తించి, కొంత అదనం కలిపేవారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కృత్రిమ మేధ రంగంలో 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డిగారు మొదట్లో దానికి కులపతిగా ఉండేవారు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు బాసర తెలంగాణకు పోయినది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాలు చేరినవి.

శాడ్లర్, రాధాకృష్ణన్, కొఠారి సంఘాలు ఈ రెండేళ్ళను విశ్వవిద్యాలయం బయటకు నెట్టుమన్నవి. ఇది లోపలికి లాగుకొన్నది. పాత పేరు పెట్టినా పని అందుకు విరుద్ధం. మా అన్నయ్య పి.యు.సి. జల్లెడ. ఈ పి.యు.సి.లో చేరినవాడు గట్టెక్కినచో పై చదువుకు మరొక ప్రవేశపరీక్ష రాయనక్కరలేదు. శిక్షణాలయాల ఇంటర్మీడియట్‌కు ఇది సరియైన జవాబని నా నమ్మకం. అయితే పాఠాలు మాత్రం ఇంగ్లీషులోనే. అక్కడ 1967 నాటి కష్టం 2008 నాటి పిల్లలకూ ఎదురైనది. భేదమల్లా, కుదురుకొనుటకు ఎనిమిది నెలలకు బదులు రెండేళ్ళున్నవి, ఉండుటకు చోటు, తినుటకు తిండి, చేతికొక లాప్‌టాప్ ఉన్నవి.

మా అమ్మాయి, అనగా మా శిష్యురాలు, చేరుటకు పోయినప్పుడు వాళ్ళ నాన్నతోపాటు నేనూ పోయినాను. నూజివీడు దారిపొడుగునా మామిడితోటలే. తాపీపని చేసే ఆ మనిషి తిరుగుదారిలో బస్సులో ఒక్కటే అడిగినాడు: "పంతులుగారూ, మా పిల్ల అక్కడ తెలుగులో మాటాడితే ఏమీ అనరు గదా?" అనరని చెప్పినాను. నాకేమి తెలుసని చెప్పినానో.

మొదటి దసరాకు వచ్చినప్పుడు ఆమె ముఖం మా అన్నయ్య ముఖంవలెనే ఉన్నది. "బాగానే ఉందండీ మాస్టారూ" అన్నది, ఆ మాటా అదే. అప్పుడు భయపడినాను. ఇంగ్లీషు మాటలు, వాటికి తెలుగు అకాడమి మాటలు పక్కపక్కన రాసిన పట్టిక చేసి ఇచ్చినాను. కొంతకాలం అది ఆమెతోపాటు మరికొందరి చేతులలో తిరిగినదట.

సంక్రాంతికి వచ్చినప్పుడు కంప్యూటరు పాఠంలో సున్న, ఒకటి అనే రెండంకెలతోనే సంఖ్యలన్నీ రాయుట నేర్పుతున్నారని చెప్పినది. నేను తొందరపడి, "అది మన గురులఘువులేనమ్మా" అని, ఉత్పలమాల కథ మొదలుపెట్టినాను. పాదానికి ఇరువది అక్షరాలు గల వృత్తాలన్నీ కృతి ఛందస్సు. అవి మొత్తం 10,48,576. అందులో ఉత్పలమాల ఎన్నవదో చెప్పుటకు ఉద్దిష్టమనే పద్ధతి ఉన్నది. మొదటి అక్షరం మీద 1, రెండవదానిమీద 2, మూడవదానిమీద 4, ఇట్లు రెట్టించుకొంటూ పోతే ఇరువదవదానిమీద 5,24,288 పడుతుంది. లఘువులమీది అంకెలు కూడవలెను. భ ర న భ భ ర వ గణాలు ఆమెకు పదవ తరగతిలో నేను చెప్పినవే. జవాబు 3,55,799 అని నాకు కంఠస్థం.

ఆమె వసారాలో కూర్చొని కాగితం మీద కూడినది. లాప్‌టాప్ తీసి మరల చూచినది. లోపలికి వచ్చి నిలబడి, "మాస్టారూ, మీరు ఒకటి ఎక్కువ చెప్పారండి. 3,55,798 వస్తోంది" అన్నది.

నాకు వెంటనే అందలేదు. మరల కూడినాను, ఆమె లెక్క సరిగానే ఉన్నది. చివరకు ఉద్దిష్ట సూత్రంలో కడపటి మాట గుర్తుకు వచ్చినది. వచ్చినదానికి ఒకటి కలుపవలెను, నేను చెప్పుట మరచినాను. మనవారు అన్నీ గురువులైన వృత్తాన్ని ఒకటవదిగా లెక్కపెడతారు, యంత్రం దానినే సున్న అంటుంది. ఆ మాట చెప్పగా ఆమె ఫక్కున నవ్వినది. పడకకుర్చీలోని అన్నయ్య, "ఏమిటే, మీ మాస్టారు తప్పినాడా?" అని కేకవేసి, ఆ కాగితం తనకొకసారి ఇమ్మని చేయి చాచినాడు.